తప్పుగా బిగిస్తే కదలని యంత్రాలు

వంటింటి యంత్రాలను వాడేవాళ్లే రోజూ విప్పుతారు, కడుగుతారు, మళ్లీ బిగిస్తారు. సీలింగ్ ఫ్యానును ఎలక్ట్రీషియన్ ఒకసారి బిగించి వెళ్తే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. మిక్సీ జారు, కుక్కర్ మూత, గ్యాస్ రెగ్యులేటర్ అలా కాదు. చెన్నైలోని ఒక మామూలు ఇంట్లో పొద్దున కొబ్బరి చట్నీకి ఒక జారు, మధ్యాహ్నం సాంబారు పొడికి ఇంకొకటి, సాయంత్రం పళ్లరసానికి మరొకటి మిక్సీ మీదికి ఎక్కి దిగుతూనే ఉంటాయి. చేతులు తడిగా ఉంటాయి, పొయ్యి మీద పోపు మాడుతుంటుంది, బడి బస్సు వీధి మలుపు దగ్గరికి వచ్చేస్తుంటుంది. ఇన్నిసార్లు, ఇంత తొందరలో బిగించే చోట ఏదో ఒక రోజు తప్పు జరిగి తీరుతుంది. అలా తప్పుగా బిగించినప్పుడు యంత్రం అసలు కదలకుండా చేసే ఏర్పాటును ఇంటర్‌లాక్ అంటారు.

ఇంటర్‌లాక్‌లు ప్రధానంగా మూడు రకాలు. మొదటి రకం ఆకారంతోనే తప్పును అడ్డుకుంటుంది. సరైన వైపు నుంచి తప్ప భాగం లోపలికి దిగదు. రెండో రకంలో ఒక భాగం కుదురుకుంటే గాని ఇంకో భాగానికి కదలడానికి వీలుండదు. మూడో రకం స్విచ్చితో నడుస్తుంది. భాగాలన్నీ చోట్లో కూర్చున్నప్పుడే మోటారుకు కరెంటు అందుతుంది.

మొదటి రకానికి ఉదాహరణ వంటింటి గోడ మీదే ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది. ప్లగ్గును తిరగేసి పెట్టాలని చూస్తే ఆ పిన్ను చిన్న రంధ్రాల్లో పట్టదు. పొడుగ్గా ఉండటం వల్ల అన్నిటికన్నా ముందు లోపలికి వెళ్లేది అదే. కాబట్టి కరెంటు కన్నా ముందు ఎర్త్ కలుస్తుంది. చాలా సాకెట్లలో కింది రెండు రంధ్రాలకు లోపల ఒక ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. ఎర్త్ పిన్ను నెట్టితేనే ఆ అడ్డు తొలగుతుంది. పసిపిల్లలు ఆ రంధ్రాల్లో పిన్నీసు దూర్చినా కరెంటు తగలకుండా కాపాడేది ఈ అడ్డే. రెండు పిన్నుల ప్లగ్గు పట్టడం కోసం పై రంధ్రంలో పెన్ను గుచ్చి అడ్డును తెరిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా చేసినప్పుడు పోయేది ఈ రక్షణే.

రెండో రకానికి చక్కటి ఉదాహరణ గ్యాస్ రెగ్యులేటర్. ఇంటింటికీ వచ్చే 14.2 కిలోల సిలిండర్ వాల్వు మధ్యలో స్ప్రింగు మీద నిలిచిన చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితేనే గ్యాస్ బయటికి వస్తుంది. రెగ్యులేటర్ బిగించేవాళ్లు దాని అడుగున ఉన్న నల్లటి రింగును పైకి లాగి, వాల్వు మీద కూర్చోబెట్టి, రింగును వదులుతారు. అప్పుడు లోపలున్న చిన్న ఉక్కు గోళీలు వాల్వు చుట్టూ ఉన్న గాడిలో పడి పట్టుకుంటాయి. ఆ పట్టు సరిగ్గా దొరికితేనే పై మీట ఆన్ వైపు తిరుగుతుంది. మీట తిరిగితే లోపలి కడ్డీ కిందికి దిగి వాల్వు పిన్నును నొక్కుతుంది. రెగ్యులేటర్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే ఎంత బలంగా తిప్పినా మీట కదలదు. ఒకసారి ఆన్ చేశాక రింగు పైకి లేవదు, కాబట్టి గ్యాస్ వస్తుండగా రెగ్యులేటర్‌ను ఊడబెరకడం కుదరదు. తప్పుగా బిగించి తెరవడం, తెరిచి ఉండగా ఊడదీయడం అనే రెండు ప్రమాదాలనూ ఒక్క రింగే ఆపుతోంది. ఇందులో వైరు లేదు, బ్యాటరీ లేదు. అయితే దీనికి అందని తప్పు ఒకటుంది. వాల్వు లోపల ఉండాల్సిన రబ్బరు వాషర్ లేకపోయినా, చిరిగినా రెగ్యులేటర్ మామూలుగానే పట్టుకుంటుంది, కానీ గ్యాస్ కారుతుంది. అందుకే సిలిండర్ తెచ్చిన మనిషి చేత సీలు తీయించి, వాషర్ చూపించుకుని, లీకు లేదని తేల్చుకున్నాకే పంపించాలి.

మూడో రకం ఫుడ్ ప్రాసెసర్లలో, ఈమధ్య కొన్ని మిక్సీలలో కనిపిస్తుంది. మన మిక్సీ పుట్టుకకు కారణం మన వంటే. విదేశీ మిక్సర్లు నానబెట్టిన పప్పును, ఎండు పసుపు కొమ్మును తట్టుకోలేక కాలిపోతుంటే, ఎస్.పి. మాథుర్ అనే ఇంజనీరు 1963లో ముంబైలో కంపెనీ పెట్టి సుమీత్ మిక్సీకి బాట వేశారు. 1978లో చెన్నైలో ప్రీతి మిక్సీల కంపెనీ మొదలైంది. 2011లో దాన్ని ఫిలిప్స్ కొనుక్కుంది. బటర్‌ఫ్లై కూడా ఈ ఊరి చుట్టుపక్కల ఎదిగిన పేరే. అంటే దక్షిణాది వంటిళ్లకు మిక్సీలు, గ్రైండర్లు అందించిన ఊళ్లలో చెన్నై ఒకటి.

పాత మిక్సీలలో ఇంటర్‌లాక్ ఉండేది కాదు. జారు పెట్టకపోయినా నాబ్ తిప్పితే, మోటారును జారుకు కలిపే కప్లర్ గిర్రున తిరిగేది. మూత పెట్టకపోయినా బ్లేడు తిరిగేది. ఆ మిక్సీలలో ఉన్న రక్షణలు రెండే. ఒకటి, అడుగున ఉండే ఎర్ర బటన్. మోటారు మీద భారం మించితే అది తన్నుకుని బయటికొచ్చి కరెంటు ఆపేస్తుంది. రెండోది కప్లర్. బ్లేడు ఇరుక్కుపోతే ముందు అరిగి తెగేది చౌకగా దొరికే ఈ ముక్కే, కాబట్టి మోటారు బతుకుతుంది. ఈ రెండూ యంత్రాన్ని కాపాడతాయి. మనిషి వేళ్లను కాపాడే ఏర్పాటు ఫుడ్ ప్రాసెసర్లతో బలపడింది. ఫ్రాన్స్‌లో పియర్ వెర్డన్ హోటళ్ల కోసం చేసిన యంత్రాన్ని 1970ల మొదట్లో ఇళ్లకు తెచ్చారు. వెడల్పాటి గిన్నె, లోపల కత్తుల్లాంటి బ్లేడ్లు, చెయ్యి పట్టేంత నోరు ఉన్న యంత్రం అది. అలాంటిది మూత లేకుండా తిరిగితే ప్రమాదం ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

ఇలాంటి యంత్రంలో ఇంటర్‌లాక్ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మోటారు ఉన్న దిమ్మె పైభాగంలో, గిన్నె హ్యాండిల్ వచ్చే చోట సన్నని చీలిక ఉంటుంది. దాని అడుగున వేలి గోరంత మైక్రోస్విచ్చి దాక్కుని ఉంటుంది. గిన్నె హ్యాండిల్ లోపల నిలువునా ఒక ప్లాస్టిక్ పుల్ల, దాన్ని పైకి నెట్టి ఉంచే స్ప్రింగు ఉంటాయి. మూత అంచున చిన్న నాలుక ఉంటుంది. మూతను చివరిదాకా తిప్పినప్పుడు ఆ నాలుక హ్యాండిల్ లోకి దూరి పుల్లను కిందికి తోస్తుంది. పుల్ల చీలికలోంచి దిగి స్విచ్చిని నొక్కుతుంది. టక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఈ వరసలో ఏ ఒక్కటి తప్పినా కరెంటు అందదు. గిన్నె పక్కకు కూర్చుంటే పుల్లకు ఎదురుగా చీలిక రాదు. మూత సగం తిరిగితే నాలుక పుల్లను అందుకోదు. మూత తీయగానే స్ప్రింగు పుల్లను పైకి నెట్టేస్తుంది, మోటారుకు కరెంటు ఆగిపోతుంది. ఇప్పుడు కొన్ని మిక్సీలలోనూ జారు చోట్లో కూర్చుంటేనే మోటారు తిరిగే ఏర్పాటు వస్తోంది.

ఆ చీలిక అంత సన్నగా ఉండటానికీ కారణముంది. విద్యుత్ పరికరాల భద్రతా పరీక్షల్లో మనిషి వేలిని పోలిన, కీళ్లున్న ఒక దండాన్ని వాడతారు. దాని మందం 12 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. ప్రమాదకరమైన భాగాలేవీ ఆ వేలికి అందకూడదు. ఇంటర్‌లాక్ స్విచ్చి వేలితో నొక్కితే పనిచేసేలా పైపైన ఉంటే, అవసరం పడిన రోజు ఎవరో ఒకరు నొక్కేస్తారు. అందుకే దాన్ని లోతుగా దాచిపెడతారు.

అన్నం వండే ఎలక్ట్రిక్ కుక్కర్‌లోనూ ఇదే ఆలోచన ఉంది. 1988లో చెన్నైలో మొదలైన ఇండో మత్సుషిత కంపెనీ, ఇప్పటి పానసోనిక్, ఈ కుక్కర్లను మన ఇళ్లకు అలవాటు చేసింది. దీని అడుగు మధ్యలో స్ప్రింగు మీద ఆనిన గుండ్రటి బిళ్ల ఉంటుంది. లోపలి గిన్నె బరువుకు అది కిందికి దిగుతుంది. చాలా రకాల్లో గిన్నె లేకపోతే బిళ్ల పైకే ఉండిపోయి, మీట నొక్కినా కింద నిలవదు. కాబట్టి గిన్నె మరిచిపోయి బియ్యం నేరుగా హీటరు మీద పోసినా అది వేడెక్కదు.

ప్రెషర్ కుక్కర్ దగ్గర విషయం మరింత తీవ్రమైనది. వెయిట్ లేచేసరికి లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఉంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న మూత మీద లెక్కేస్తే 300 కిలోలకు పైగా బరువు. పై మూత ఉన్న కుక్కర్లలో ఆ బలానికి ఎదురుగా మూతను పట్టి ఉంచేది అంచున ఉన్న లాకులే. మూత సగమే తిరిగి ఉండగా ఒత్తిడి పెరగకూడదు, ఒత్తిడి ఉండగా మూత తిరగకూడదు. లోపలి నుంచి మూసుకునే మూత ఉన్న కుక్కర్లలో ఆవిరే మూతను అంచుకేసి అదిమి పెడుతుంది. చల్లారేదాకా ఎవరూ తెరవలేరు. పై మూత ఉన్న కొన్ని కుక్కర్లలో ఒక చిన్న పిన్ను ఆ పని చేస్తుంది. మూత పూర్తిగా తిరిగితేనే పిన్ను పైకి లేచే దారి దొరుకుతుంది. లేచిన పిన్ను మూతను తిరగనివ్వదు.

అయితే కుక్కర్ చరిత్రలో ఎక్కువ నేర్పింది విడిభాగాల సంగతి. టి.టి. కృష్ణమాచారి 1928లో మద్రాసులో నెలకొల్పిన టీటీకే సంస్థ, 1950ల చివర ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీకి దిగింది. ఐఐటీ మద్రాసులో చదివిన ఆయన మనవడు టి.టి. జగన్నాథన్ 1970లలో పగ్గాలు చేపట్టేసరికి కుక్కర్లు పేలుతున్నాయన్న ఫిర్యాదులు వస్తున్నాయి. వెతికితే తేలిందేమిటంటే, కుక్కర్లో లోపం లేదు. అసలు సేఫ్టీ వాల్వు అయిపోయాక జనం బజారులో దొరికే నకిలీది పెట్టుకుంటున్నారు. వేడి మితిమీరితే కరిగి ఆవిరికి దారివ్వాల్సిన లోహపు ముక్క, నకిలీ వాల్వులో కరగడం లేదు. కంపెనీ సరిగ్గా కూర్చి పంపిన వస్తువు ఇంటికొచ్చాక తప్పు కూర్పుగా మారిపోతోంది. దీనికి ఆయన కనిపెట్టిన పరిష్కారం గాస్కెట్ రిలీజ్ సిస్టమ్. మూత అంచుకు ఒకచోట చిన్న కిటికీ కోశారు. దారులన్నీ మూసుకుపోయి ఒత్తిడి హద్దు దాటితే గాస్కెట్ ఆ కిటికీలోంచి బయటికి ఉబికి వస్తుంది, ఆవిరి ఆ సందున పోతుంది. కిటికీ మూతలోనే ఉంది కాబట్టి దాన్ని ఎవరూ మార్చలేరు, నకిలీది కొనలేరు. 2025లో కన్నుమూసిన జగన్నాథన్ వదిలి వెళ్లిన వాటిలో లెక్కలేనన్ని వంటిళ్లకు మేలు చేసినది ఈ కోతే.

ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 అనే ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ అమ్మడం నేరం. అయినా ఆన్‌లైన్ అమ్మకాల్లో అవి చొరబడ్డాయి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అలాంటి 2,265 కుక్కర్లను కొన్నవారికి తెలియజేసి, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని అమెజాన్‌ను ఆదేశించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. ఫ్లిప్‌కార్ట్ మీద 598 కుక్కర్ల విషయంలో అలాంటి ఆదేశమే వచ్చింది.

ఈ ఏర్పాట్ల వెనక ఒక సిద్ధాంతం ఉంది. మనిషిని జాగ్రత్తగా ఉండమనడం కన్నా, తప్పు చేయడానికే వీల్లేకుండా పనిని మలచడం మేలు. 1961లో జపాన్ ఇంజనీరు షిగియో షింగో ఒక ఫ్యాక్టరీలో దీన్ని తేటగా చూపించాడు. అక్కడ చిన్న స్విచ్చికి రెండేసి స్ప్రింగులు పెట్టాల్సిన కార్మికులు అప్పుడప్పుడు ఒకటి మరిచిపోయేవారు. ఎవరినీ మందలించకుండా, ముందు రెండు స్ప్రింగులను చిన్న పళ్లెంలో పెట్టుకుని తర్వాత బిగించమన్నాడు. పళ్లెంలో స్ప్రింగు మిగిలితే తప్పు అప్పుడే బయటపడుతుంది. ఇంకో సూత్రం, పాడైన ఇంటర్‌లాక్ యంత్రాన్ని ఆపాలి గాని నడిపించకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు దగ్గర మామూలుగా మూడు స్విచ్చులుంటాయి. మొదటి రెండూ అతుక్కుపోయి తలుపు తెరిచినా కరెంటు ఆగకపోతే, మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు కాల్చేస్తుంది. ఓవెన్ పనికి రాకుండా పోతుంది, మనిషి మాత్రం క్షేమంగా ఉంటాడు.

ఇంటర్‌లాక్‌కు భాష అక్కర్లేదు. ఇదే దాని గొప్ప మేలు. 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఉచితంగా మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఇచ్చే పథకం మొదలుపెట్టింది. రోట్లోనే రుబ్బుకునే ఎన్నో ఇళ్లలోకి మోటారు అడుగుపెట్టింది అప్పుడే. చెన్నైలో తమిళం, తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడే వంటిళ్లు పక్కపక్కనే ఉంటాయి. కొరుక్కుపేటలో, షావుకారుపేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇంటి భాష ఒకటి, డబ్బాలో వచ్చే సూచనల పుస్తకం భాష ఇంకొకటి. వేరొకరి ఇంట్లో, వేరొకరి మిక్సీతో పనిచేసే వంటమనిషికి ఆ పుస్తకం ఎప్పుడూ కనిపించదు. అలాంటి చేతికి హెచ్చరికల కన్నా కదలని మీట, టక్కుమనే మూత ఎక్కువ రక్షణ.

ఈ రక్షణకు శత్రువులు రెండు. మొదటిది మురికి. ఎండిపోయిన కొబ్బరి పిప్పి, పిండి హ్యాండిల్ లోకి దిగితే పుల్ల కిందే ఇరుక్కుపోతుంది. మూత తీసినా స్విచ్చి నొక్కుకునే ఉంటుంది. కడిగిన ప్రతిసారీ పుల్ల స్వేచ్ఛగా లేస్తోందో లేదో వేలితో చూసుకుంటే చాలు. రెండోది రిపేరు షాపులో వినిపించే ‘డైరెక్ట్ చేసిస్తా’ అనే మాట. స్విచ్చి పాడైతే కొత్తది వెయ్యకుండా, రెండు వైర్లూ కలిపి ముడేసి ఇవ్వడం అది. యంత్రం తిరుగుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కానీ ఆ రోజు నుంచి మూత తెరిచి ఉన్నా బ్లేడు తిరుగుతుంది, ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కొత్త స్విచ్చి ఖరీదైనది కాదు, దాన్నే అడిగి వేయించుకోవాలి. కుక్కర్ గాస్కెట్ గట్టిపడగానే మార్చాలి. వెయిట్, వాల్వు ఆ కంపెనీవే కొనాలి. యంత్రం మొరాయించినప్పుడు కొట్టి, నొక్కి, బలవంతంగా తిప్పే ముందు ఒకసారి విప్పి మళ్లీ బిగించి చూడాలి. చాలాసార్లు అది పాడై ఆగదు, బిగింపులో తప్పుందని చెప్పడానికే ఆగుతుంది.