కొత్త నవల ఏమన్న వచ్చిందా బిడ్డా?

మా అమ్మ ఫోన్ చేస్తే ముందు "తిన్నవా?" అంటుంది. తర్వాత "పిల్లలు తిన్నరా?" అంటుంది. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "కొత్త నవల ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడుగుతుంది. గొంతు తగ్గించడం నాన్న ఉన్నప్పటి అలవాటు. నాన్న పోయి మూడేళ్లయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. మొదటి రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది. మూడోదానికి చాలాకాలం లేదు. ఇవాళ ఆ మూడో ప్రశ్న గురించే రాస్తున్నాను.

అమ్మ జనగామలో ఉంటుంది. నేను మహబూబాబాద్‌లో. కాగితాల మీదే ఆ పేరు, మా నోట్లో ఎప్పుడూ మానుకోటే. మా చెల్లె భూపాలపల్లిలో ఉంటుంది, మరిది సింగరేణిలో చేస్తాడు. 2016 అక్టోబరు దాకా మేం ముగ్గురం ఒకే వరంగల్ జిల్లా వాళ్లం. ఇప్పుడు మూడు జిల్లాల వాళ్లమయ్యాం. జనగామ పోవాలంటే నేను పొద్దున రైలెక్కితే చాలు. చెల్లెకు రైలు లేదు, పరకాల మీదుగా హన్మకొండ దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఈ దారులెందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

మా నాన్నది చిన్న కిరాణం దుకాణం. పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు, పాత వారపత్రికలు కిలోల లెక్కన కొనేవాడు. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ కట్టల్లోంచి సీరియల్ పేజీలు ఏరి బియ్యం డబ్బా వెనక దాచుకొని, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చదివేది. పాత పేపర్ల కట్టలో అన్ని వారాలూ వరుసగా ఉండవు కదా. పన్నెండో వారం దొరికితే పదమూడోది ఉండదు. ఒక్కోసారి ఆ పేజీ అప్పటికే ఎవరింటికో చింతపండు పొట్లమై వెళ్లిపోయేది. "గా పిల్ల పెండ్లయిందో లేదో ఇప్పటికీ తెల్వదే" అని ఒక సీరియల్ గురించి ఈ రోజుకీ అంటుంది. సీరియల్ పేరు గుర్తులేదు, రాసినవాళ్లూ గుర్తులేరు. ఆ పిల్ల మాత్రం గుర్తుంది.

తర్వాత మా బజార్లో అద్దె పుస్తకాల షాపు వచ్చింది. రోజుకు అర్ధరూపాయి. బడి నుంచి వస్తూ నేనే తెచ్చేదాన్ని, లెక్కల పుస్తకం కింద పెట్టుకొని. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ఆ తర్వాత యండమూరి, మల్లాది. 'మీనా', 'జీవన తరంగాలు' నవలలు రెండూ 1973లో సినిమాలయ్యాయి, 'సెక్రటరీ' 1976లో అయింది. అమ్మ ఆ సినిమాలు చూడలేదు గానీ నవలలు మాత్రం మూడూ చదివింది. 'తులసిదళం' చదివిన వారమంతా రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే నన్ను లేపేది. నాన్నకు తెలియక కాదు. "చదివి ఏం కలెక్టర్ అయితవా?" అనేవాడు, అంతకు మించి ఏమీ అనేవాడు కాదు. ఆ ఒక్క మాటకే అమ్మ పుస్తకం కొంగు కింద దాచేది.

నాన్న పోయాక ఇంటికి భక్తి పుస్తకాలు రావడం మొదలైంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక పుస్తకం చేతిలో పెట్టారు. మేనత్త ఒకటి, పక్కింటివాళ్లు ఒకటి. నేనేం తక్కువ తిన్నానా, పోతన భాగవతం పెద్ద సంపుటం తీసుకెళ్లాను. పోతనది బమ్మెర, జనగామ జిల్లాలోనే ఉంది. "మన దగ్గరి కవే అమ్మా" అని ఇచ్చాను. అమ్మ అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఆరు నెలలైనా ఒక్కటీ తెరవలేదు. రోజంతా టీవీ ముందు కూర్చునేది గానీ దాన్నీ చూసేది కాదు. ఒకరోజు నేను కాస్త విసుగ్గానే అడిగాను, "ఇన్ని పుస్తకాలుంటే ఒక్కటన్నా చదవవేంది?" అని.

"పోతన మీద నాకు కోపం లేదు బిడ్డా. ఎప్పుడన్న చదువుత. గని మీరంత నాకు ఎర్కున్న కథలే తెచ్చిస్తున్రు. గజేంద్రుడు బయటపడ్తడని నాకు తెల్వదా? ఏమైతదో తెల్వనిది ఒక్కటి తెచ్చియ్యి" అంది.

నాకు సిగ్గేసింది. భర్త పోయింది, అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇక ఈమె చదవాల్సినవి ఇవే అని మేమందరం ఆమెను అడక్కుండానే తేల్చేశాం. ఆమెకేమో ఇంకా తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనే ఉంది.

సరే, కొత్త నవలలు వెతకడం మొదలుపెట్టాను. అద్దె పుస్తకాల షాపు పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ రిపేర్లు చేస్తున్నారు. నెలకొక పూర్తి నవల ఇచ్చే 'చతుర' 1978లో మొదలైంది, కరోనా తర్వాత ఆగిపోయింది. సీరియళ్లు వేసే వారపత్రికలు కూడా ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మా అబ్బాయి అమ్మ ఫోన్లో ఒక కథల యాప్ వేసిచ్చాడు. అక్కడ మనలాంటి గృహిణులు రాసే సీరియళ్లు వందలున్నాయి, కొన్ని చాలా బాగున్నాయి కూడా. కానీ మంచి పట్టు మీద ఉండగా తర్వాతి భాగానికి తాళం పడుతుంది, తెరవాలంటే డబ్బు కట్టాలి. పైగా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది, ఫోన్ వెలుగుకు కళ్లలో నీళ్లు కారతాయి. "గిది మా పొట్లాల కాయితాల లెక్కనే ఉన్నదే" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

రెండు నవలలు కొని పంపాను. ఒక్కోటి రెండు వందల పైనే. మూడు రోజుల్లో రెండూ అయిపోయాయి. "ఒక్కసారి చదివెటిదానికి గిన్ని పైసలు పెట్టకు" అని గట్టిగా చెప్పింది. ఆలోచిస్తే నిజమే కదా. ఇలాంటి నవల ఆత్రంగా ఒకసారి చదివి, "బాగుంది, నువ్వు చదువు" అని ఇంకొకరికి ఇచ్చేది. ఒక ఇంట్లో బీరువాలో కూర్చుంటే దానికీ ఉపయోగం లేదు, మనకూ లేదు.

అదే వారం ఇంటి పన్ను కట్టాను. రశీదులో గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంది. ఇన్నేళ్లూ ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల లెక్కన గ్రంథాలయానికి కడుతూనే ఉన్నామన్నమాట. కట్టడమే గానీ ఆ గడప తొక్కి ఎన్నేళ్లయింది?

మర్నాడే వెళ్లాను. ఏ ఊరి గ్రంథాలయమో రాయను. మా మూడు ఊళ్లలోనే కాదు, ఎక్కడ చూసినా పరిస్థితి ఇదే. లోపల కుర్చీ ఖాళీ లేదు. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలు. ఇంటి నుంచి టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, పొద్దు గూకేదాకా అక్కడే. వాళ్లను చూస్తే ఎవరికైనా మనసు తరుక్కుపోతుంది. మా అబ్బాయిదీ అదే చదువు, వాడికీ అలాంటి కుర్చీయే కావాలి. అందుకే ఆ పుస్తకాలు తగ్గించమని నేను చచ్చినా అనను.

నవలలు ఎక్కడున్నాయని అడిగితే గ్రంథపాలకుడు లోపలి గదిలో చివరి బీరువా తెరిచారు. అన్నీ పాతవే. అమ్మ ఎప్పుడో చదివేసినవే. అందులో దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' కనిపించింది. ఆయనది మా మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు. అమ్మ అది చదవలేదు, తీసుకున్నాను. "కొత్తవి రావా సార్?" అన్నాను.

"అడిగేటోళ్లు లేరమ్మా" అన్నారాయన. ఆ మాటలో విసుగేమీ లేదు. టేబుల్ మీదున్న రిజిస్టర్ నా వైపు తిప్పారు. పాఠకులు తమకు కావలసిన పుస్తకాలు రాసేది. నేను వెనక్కి తిప్పుతూ పోయాను. పేజీల నిండా పరీక్షల పుస్తకాలే. ఆ పిల్లలు పేరు, ప్రచురణకర్త, ఎడిషన్‌తో సహా రాశారు. ఒక్క నవల పేరు లేదు. పుస్తకాలు జిల్లా గ్రంథాలయ సంస్థ కొంటుందట, కొన్ని రాష్ట్రం నుంచి వస్తాయట, కొన్ని 1972లో కలకత్తాలో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంతో వస్తాయట. "ఎవరు కొన్నా, చదివేటోళ్లు ఏమడుగుతున్నరని చూస్తరు కదమ్మా" అన్నారు.

నవలల్ని ఎవరూ ఆ చివరి బీరువాలోకి కావాలని నెట్టలేదు. నవలలు చదివే మా అమ్మలాంటి వాళ్లు నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు, అంతే. ఇంట్లోనే కొంగు కింద దాచి చదివినవాళ్లు ఆఫీసు రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం పెడతారా?

మన దగ్గర గ్రంథాలయాలు అడక్కుండా వచ్చినవి కావు. నిజాం కాలంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో, 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. 'ప్రజల మనిషి' నవల రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మారు. వాళ్లు అంత చేస్తే, నేను రిజిస్టర్‌లో నాలుగు పేర్లు రాయలేనా అనిపించింది.

కానీ ఏ పేర్లు రాయాలి? కొత్తగా ఏమొస్తున్నాయో నాకూ తెలియదు. హైదరాబాద్‌లో చదువుతున్న మా ఆడపడుచు కూతురు డిసెంబరులో బుక్ ఫెయిర్‌కు పోతుంటే స్టాళ్ల ఫోటోలు పంపమన్నాను. తానా నవలల పోటీలో బహుమతులు వచ్చినవి చూసి, పది పేర్లు రాశాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', బండి నారాయణస్వామి 'శప్తభూమి', కె.ఎన్. మల్లీశ్వరి 'నీల' అందులో ఉన్నాయి. నేనొక్కదాన్నే రాస్తే సరిపోదని మా వీధిలో నలుగురిని వెంటబెట్టుకొని వెళ్లాను. ఒకామె సంతకం పెట్టేముందు "మా ఆయన ఏమన్నంటడేమో" అంది. అయినా పెట్టింది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ తర్వాతి ఏడు అప్పుడు వెళ్లి మళ్లీ గుర్తుచేశాం.

పదిలో మూడు వచ్చాయి. మొదట 'కొండపొలం' తీసుకొని జనగామ రైలెక్కాను.

ఉద్యోగం దొరకని ఒక చదువుకున్న కుర్రాడు కరువు రోజుల్లో తండ్రితో కలిసి గొర్రెల్ని తోలుకొని నల్లమల అడవికి పోవడం ఆ కథ. 2021లో సినిమాగా కూడా వచ్చింది. రాయలసీమ మాట అమ్మకు మొదటి ఇరవై పేజీలు కొరుకుడు పడలేదు. "గిదేం భాషనే" అని రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోరోజు ఫోన్ లేదు. నాలుగో రోజు నేనే చేస్తే, "ఆగు, పులి వచ్చింది" అని పెట్టేసింది. నాన్న పోయాక అమ్మ నా ఫోన్ మధ్యలో పెట్టేయడం అదే మొదటిసారి. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

పుస్తకం అయిపోయాక అన్న మాట ఇంకా బాగుంది. "గీ పుస్తకం నాకంటే ఎక్కువ గా పరీక్షల పోరగాండ్లకు కావాలె. ఆ పిలగాడు గుడ గండ్లనే ఉన్నడు, ఇజ్జత్ పోయిందనుకొని. వాళ్లకియ్యి" అంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మాటే గ్రంథపాలకుడికి చెప్పాను. ఆయన దాన్ని లోపలి బీరువాలో పెట్టకుండా పోటీ పరీక్షల అర పక్కనే పెట్టారు. తర్వాత నెల వెళ్లేసరికి అక్కడ లేదు. ఎవరో తీసుకెళ్లారట.

ఇప్పుడు మాకొక దారి ఏర్పడింది. నేను తీసుకున్న పుస్తకం ముందు జనగామ పోతుంది. అమ్మ అయ్యాక చెల్లె వచ్చి భూపాలపల్లి పట్టుకుపోతుంది. మరిది నైట్ షిఫ్ట్‌కు పోయిన రాత్రుల్లో చదువుతుంది, ఒంటరిగా నిద్ర పట్టదు కాబట్టి. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి గడువు దాటిపోయి జరిమానా పడుతుంది. పొద్దున పాలకు ఇచ్చే చిల్లర కంటే తక్కువే, సంతోషంగా కడుతున్నాను. అందరికంటే చివర చదివేది నేనే. అప్పటికి ఇద్దరూ కథంతా చెప్పేసి ఉంటారు, అదొక్కటే బాధ.

మీరు కూడా ఈసారి ఇంటి పన్ను కట్టాక రశీదు ఒకసారి చూడండి. అలాగే మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి ఆ రిజిస్టర్ అడగండి. మీకు కాకపోయినా మీ అమ్మకో అత్తమ్మకో ఏం కావాలో అడిగి, రాసి రండి. భక్తి పుస్తకమే కావాలంటే అదే రాయండి, కానీ అడిగి రాయండి.

నిన్న అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. రిజిస్టర్‌లో ఈసారి దెయ్యాల నవల ఒకటి రాయమంది. "తులసిదళం అసొంటిది, గని కొత్తది" అంది. పెరట్లోకి ఇప్పుడు ఎవరు తోడొస్తారమ్మా అంటే, "గిప్పుడు బాత్‌రూమ్ ఇంట్లనే ఉన్నది కదా" అంది.

మీలో ఎవరికైనా అలాంటిది తెలిస్తే చెప్పండి. సోమవారం వెళుతున్నాను, రాసేస్తాను.