అమ్మమ్మ వినని పాట

ఇంటిలోని పెద్దవారు పిల్లలకు నేర్పిన పాటకు వెల కట్టు లెక్క ఏ కంపెనీ పుస్తకములోను కానరాదు. అమెరికా దేశమున 2004వ సంవత్సరమున వెలువడిన యొక పాటల ఆల్బము ఎట్లు సిద్ధమయ్యెనో తెలిసికొన్నప్పటినుండి ఈ సంగతి నా మనస్సును విడువకున్నది. ఆ ఆల్బమునకు ధనమిచ్చినది పెద్ద కంపెనీ. ప్రాణమిచ్చినది ఒక అమ్మమ్మ. ఈ రెండవ సంగతిని సోదరీమణులకు నివేదింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను బడికిఁ బోయి చదివినదానను గాను. మా నాయనగారియొద్ద ఇంటనే భారత భాగవతములు చదువుకొంటిని. అట్టి నేను విదేశపు రాక్ సంగీతమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగాఁ దోచవచ్చును. ఈ ఆల్బమును "ఎమో" అను కోవకుఁ జేర్చుదురు. ఎమోషన్, అనఁగా హృదయావేశము, అను మాటకిది పొట్టి పేరు. 1980ల నడుమ వాషింగ్టన్ నగరమున మిక్కిలి వేగముగను పరుషముగను వాయించు యువకులలోఁ గొందఱు తమ గుండెలోని బాధను దాఁచక పాడసాగిరి. అప్పటినుండి యీ పేరు నిలిచినది. నేను చెప్పఁబోవు బృందపు గాయకుఁ డీ పేరును ఎన్నఁడును మెచ్చుకొనలేదు.

ఆ బృందము పేరు మై కెమికల్ రొమాన్స్. న్యూజెర్సీ రాష్ట్రమున బెల్‌విల్ అను పట్టణములోఁ బెరిగిన జెరార్డ్ వే చిత్రలేఖనము చదువుకొని న్యూయార్కులో బొమ్మల చిత్రముల పనిలోఁ జేరెను. 2001 సెప్టెంబరు 11వ తేదీన అక్కడి జంట సౌధములు కూలుట అతఁడు కన్నులారఁ జూచెను. జీవితమును వృథాపుచ్చరాదని యప్పుడే నిశ్చయించుకొని పాటలు వ్రాయఁ దొడఁగెను. తమ్ముఁడు మైకీ, రే టోరో, ఫ్రాంక్ ఐరో, మాట్ పెలిసియర్ అనువారు తోడైరి. 2002 జూలైలో వీరి మొదటి ఆల్బము ఐబాల్ రికార్డ్స్ అను చిన్న కంపెనీ ద్వారా వెలువడినది. మఱుసటి సంవత్సరము రిప్రీజ్ రికార్డ్స్ అను పెద్ద కంపెనీ వీరితో ఒప్పందము చేసికొనెను. ఇది 1960లో ఫ్రాంక్ సినాత్రా అను సుప్రసిద్ధ గాయకుఁడు స్థాపించినది.

ఆ సంగీతమును ప్రేమించువారిలో పెద్ద కంపెనీల పట్ల అనుమానము మెండు. చిన్న గదులలో నలుగురి యెదుటఁ బాడిన బృందము పెద్ద కంపెనీ కాగితముపై సంతకము పెట్టినంతనే "అమ్ముడుపోయినారు" అను నింద పుట్టును. ఆ నింద యూరకయే పుట్టినది కాదు. వర్తకునికి లాభము కావలెను. లాభము కొఱకు పాటలోని గరుకుఁదనమును నునుపు చేయుదురేమో యని యభిమానుల భయము. సొంత దుఃఖమును సరకుగా అమ్మవచ్చునా యను ప్రశ్న దాని వెనుక నున్నది.

ఈ ప్రశ్నకు సమాధానము ఆ అన్నదమ్ముల అమ్మమ్మ కథలోఁ గలదు. ఆమె పేరు ఎలీనా. జెరార్డునకు పాడుట, బొమ్మలు వేయుట, నలుగురి యెదుట నిలిచి అభినయించుట నేర్పిన మొదటి గురువు ఆమెయే. ఊరూరఁ దిరిగి కచేరీలు చేయుటకు బృందమునకు వాహనము కావలసివచ్చినప్పుడు సాయపడినదియు నామెయే. పేరుపడిన కంపెనీలు వీరి మొగము చూడక పూర్వమే మనుమలను నమ్మి ధనము వెచ్చించినది ఆ వృద్ధురాలు. విచిత్రమేమనఁగా, ఆ వాహనమే మనుమలను ఆమెకు దూరము చేసినది. వారు కచేరీలతో దేశము తిరుగుచుండఁగా ఆమె చివరి సంవత్సరము గడచిపోయెను. 2003 నవంబరులో ఆమె కన్నుమూసినది.

అప్పటికి క్రొత్త ఆల్బమునకు వేఱొక కథ అనుకొనియుండిరి. మరణమువలన విడిపోయిన ప్రేయసిని మరలఁ గలియుటకై వేయిమంది దుర్మార్గులను చంపుదునని సైతానుతో ఒప్పందము చేసికొన్న యొక పురుషుని కథ యది. "తీయని పగకు ముమ్మాఱు జేజేలు" అను అర్థము వచ్చునట్లు త్రీ చీర్స్ ఫర్ స్వీట్ రివెంజ్ అని పేరు పెట్టిరి. ఆ కల్పిత కథ నడుమ నిజమైన చావు వచ్చి కూర్చుండెను. అమ్మమ్మ పేరునకు దగ్గఱగా "హెలీనా" అని పేరుపెట్టిన పాట ఆల్బమునకు మొట్టమొదటి పాట యయ్యెను.

లాస్ ఏంజెలిస్ ప్రాంతమున, హోవర్డ్ బెన్సన్ అను నిర్మాత చేతిక్రింద రికార్డింగు జరిగినది. ఈ పనిలో నిర్మాత యనఁగా ధనము పెట్టువాఁడు గాఁడు, చెవి పెట్టువాఁడు. ఏ చరణము సాగినది, ఏ మాట వినఁబడలేదు, ఏచోట వేగము తగ్గినది అని కనిపెట్టి మరల మరలఁ బాడించును. ఇట్టి రికార్డింగులలో అందఱును ఒక్కమాఱు కూడి వాయించుట తక్కువ. సాధారణముగా మృదంగస్థానీయములగు డ్రమ్ములు మొదట, గిటార్లు తరువాత, గాత్రము కడపట వేర్వేఱుగాఁ బట్టి, ఒకదానిపై నొకటి పేర్చుదురు. పోఁగు పోఁగుగా నేసిన చీరవంటి పని యిది. చిన్నతనమున నేను పద్యము చదువునప్పుడు యతి తప్పినచోట మా నాయనగారు వ్రేలెత్తి యాపుచుండిరి. పదియవమాఱు చదువునప్పటికి పద్యములోని బాధ నాకుఁ దగ్గఱయయ్యెడిదే కాని దూరమయ్యెడిది కాదు. మరల మరలఁ బాడుటచేత శోకము కృత్రిమమగునను మాట అందుచేతనే నే నొప్పుకొనఁజాలను.

తిక్కన సోమయాజి తెనిఁగించిన స్త్రీపర్వమున గాంధారి నూర్గురు కొడుకుల కళేబరముల నడుమ నిలిచి విలపించును. ఆ విలాపము ఏడ్పుతో నాఁగక కోపమై శ్రీకృష్ణునిపైకిఁ బోయి శాపముగా ముగియును. హెలీనా పాటలోను శోకము కోపమే యయినది. కాని ఆ కోపము ఇతరులపైకిఁ బోలేదు. అమ్మమ్మ కడపటి సంవత్సరమున తాను దగ్గఱ లేకపోయితినని ఆ గాయకుఁడు తన్నుఁ దానే నిందించుకొనెను. ఆ పాట తన మీఁద తనకుఁ గల కోపమని యతఁడే తరువాత చెప్పియున్నాఁడు.

ఇదంతయు నాకుఁ దెలిసిన విధము చెప్పెదను. నిరుటి కార్తికమున మా అత్తగారు పరమపదించిరి. మా ఆడుబిడ్డ కూఁతురు అప్పుడు వేఱొక యూర కళాశాల వసతిగృహమున నుండెను. పరీక్షలు ముగించుకొని వచ్చులోపలనే అమ్మమ్మ వెళ్లిపోయినది. మంగళహారతులు, చుక్కల ముగ్గులు, ఆవకాయ కారము పాళ్లు సమస్తమును ఆమెయొద్ద నేర్చిన పిల్ల. పిమ్మట మా యింటనే యుండి చదువుకొనుచున్నది. ఎవరు పలుకరించినను కంట నీరు పెట్టలేదు. ఎల్లప్పుడును చెవులలో ఇయర్‌ఫోన్లు. నల్లని దుస్తులు ధరించిన ఆ పాటకుల బొమ్మను ఫోనులోఁ జూచి, మైల విడిచిన యింట ఈ యశుభపుఁ బాట లేమని బంధువులు గొణిగిరి.

ఒకనాఁటి సాయంకాలము గోరుచిక్కుడు కాయ తుంచుచు, ఏమి వినుచున్నావమ్మా యని యడిగితిని. ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవిలోఁ బెట్టినది. "అత్తయ్యా, ఈయన కూడా నాలాగే చివర్లో అమ్మమ్మ దగ్గర లేడట" అన్నది. మొదట మెల్లని గొంతుక; ఆపైన పిడుగులవంటి వాద్యములు. మాటలు నాకుఁ దెలియలేదు గాని బాధ తెలిసినది. పిల్ల నా యొడిలోఁ దల పెట్టుకొని, ఏడు నెలలకు, ఏడ్చినది. మావారు బడినుండి వచ్చి, కారణమడుగక, కాఫీ తామే కలుపుకొనిరి.

పాట యొక్కటే మందు అని నేను చెప్పను. ఆ గాయకుఁడు ఆ రోజులలో మద్యమునకును మాత్రలకును లోఁబడి, ఆల్బము వెలువడిన 2004వ సంవత్సరముననే వానిని విడిచిపెట్టెను. శోకమును ఎంత చక్కని పాటగా మలచినను, ప్రక్కన నొక మనిషి చేయి యుండవలెను. 2008లో ఇంగ్లండున ఒక పత్రిక ఇట్టి పాటలు పిల్లలను చీఁకటిలోనికి ఈడ్చుచున్నవని వ్రాయఁగా, అభిమానులు లండనులో ఆ పత్రిక కార్యాలయము చెంత నిరసన తెలిపిరి. తల్లిదండ్రుల భయము నిరాధారమని త్రోసివేయరాదు. పిల్ల మౌనము దీర్ఘమైనచో పాటను తప్పుపట్టి యూరకుండుట కాదు, ప్రక్కఁ గూర్చుండి వినవలెను. అవసరమైనచో వైద్యునికిని జూపవలెను.

ఆల్బము 2004 జూన్ 8వ తేదీన వెలువడినది. అట్ట మీఁది బొమ్మను జెరార్డే చిత్రించెను; అదియు అమ్మమ్మ నేర్పిన విద్యయే. 2005లో ఆ పాటకు మార్క్ వెబ్ తీసిన దృశ్యచిత్రమున బృందమువారే శవపేటికను భుజముల మోయుదురు. మృతురాలు లేచి చర్చి నడుమ నాట్యమాడి మరలఁ బండుకొనును. పది లక్షల ప్రతులకుఁ గాని దొరకని ప్లాటినం గుర్తింపు ఆల్బమునకు దొరికినది. కంపెనీ పెట్టిన ధనము కంపెనీకి ముట్టియుండును. వాహనము కొఱకు అమ్మమ్మ ఇచ్చినదానికి ఎవరును వడ్డీ కట్టలేదు. పాటను ఆమె విననైన వినలేదు.

సోదరీమణులారా, మనమును దినదినము ఇట్టి పెట్టుబడులే పెట్టుచున్నాము. జోలపాట యొకటి, పద్యమొకటి, పోపుల డబ్బాలో దాఁచిన నోటొకటి. అవి ఎన్నఁడు, ఏ రూపమున, ఏ భాషలో బయటికి వచ్చునో మనకుఁ దెలియదు. ఒకవేళ మనకు నచ్చని నల్లని దుస్తులు ధరించి, చెవులు చిల్లులుపడు వాద్యములతో వచ్చినను, తలుపు మూయకుఁడు. లోపల మన గొంతుకయే యుండవచ్చును.