మెడా, బ్రేకూ, ఒంటి సీటూ

మొన్న సంక్రాంతికి తణుకు వెళ్ళినప్పుడు, కాఫీ అయినా తాగనివ్వకుండా మా అన్నయ్య కొడుకు నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. కొబ్బరిచెట్టు కింద కప్పి ఉన్న టార్పాలిన్ లాగి, "ఎలా ఉందో చెప్పు బాబాయ్, మొహమాటపడకు" అన్నాడు.

అది అన్నయ్య నడిపిన బుల్లెట్ 350. పోత ఇనుము ఇంజను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు ఉన్న పాత రకం. అన్నయ్య పోయాక ఆరేళ్ళు వరండాలో మూలపడి ఉంది. కుర్రాడు ఏడాది పాటు సాయంత్రాలన్నీ వెచ్చించి, అద్దెకు తెచ్చిన వెల్డింగ్ సెట్టుతో దాన్ని ఛాపర్‌గా మార్చాడు. పొడుగాటి ఫోర్కు, వెనక కారు టైరు, ఒంటి సీటు. మడ్‌గార్డులు లేవు. ముందు బ్రేకూ లేదు.

ముందుగా మంచి చెప్పాలి. ఇంజను వాడే విప్పి, రింగులు మార్చి, వాల్వులు నూరి బిగించాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. ఆ చప్పుడుకు వదిన వంటింటి గుమ్మం దాకా వచ్చి, క్షణం నిలబడి, మారు మాటాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక అసలు సంగతి. స్టీరింగ్ వాలును గీతగా నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఫోర్కు వాలు పెంచితే సాధారణంగా ఆ దూరమూ పెరుగుతుంది. తిన్నని దారిలో బండి నిబ్బరంగా పోతుంది గాని, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు హ్యాండిలు ఒక పక్కకు వాలిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కాలిఫోర్నియాలో పెరిగి, 1969 నాటి 'ఈజీ రైడర్' చిత్రంతో లోకమంతా తెలిసిన బాణీ ఇది. ఆ దారులు వేరు. మనకు హైవే దిగితే కాలువ గట్టు, తూము దగ్గర మలుపు, ఎదురుగా గడ్డి ట్రాక్టరు!

అంతకంటె పెద్ద లోపం, వాలు కోసం స్టీరింగ్ మెడను కోసి అతకడం. ఈ బుల్లెట్టుకు మెడ నుంచి ఇంజను ముందుకు దిగే గొట్టం ఒక్కటే. కింద ఇంజనే ఫ్రేములో భాగమై బరువు మోస్తుంది. ప్రతి గోతి దెబ్బా ఆ అతుకు మీదే పడుతుంది. అతుకు పైకి నునుపుగానే ఉంది. లోపల ఎంత కరిగి కలిసిందో కంటికి తెలియదు.

ఇక బ్రేకు. పట్టగానే బరువు ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే. దాన్నే వీడు అందం కోసం తీసేశాడు. వెనకనున్న కారు టైరుది బల్లపరుపు అంచు; బండి మలుపులో వాలితే మూల మీద నిలబడుతుంది.

చట్టమూ ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వెనక కూర్చునేవారి బట్టలు చక్రంలో చిక్కకుండా సగం చక్రానికి కవచం ఉండాలని నిబంధన ఉంది. మనం శారీ గార్డు అనేది దాన్నే. అదీ కోసి పారేశాడు.

"మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుందిరా?" అన్నాను.

"ఇది నా బండి బాబాయ్" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ మాట గుచ్చుకుంది. నేను చూస్తున్నది అన్నయ్య బండిని. వాడు చూపిస్తున్నది తన బండిని. అప్పటిదాకా చెప్పిన తప్పుల్లో ఎన్ని నిజంగా తప్పులో, ఎన్ని నా బెంగో నాకే అనుమానం వచ్చింది. కాసేపు ఆలోచించి, "సీటు నీ ఇష్టంరా. మెడా, బ్రేకూ మాత్రం నీ ఇష్టం కాదు" అన్నాను. వాడు పలకకుండా టార్పాలిన్ కప్పేశాడు. పండుగ మూడు రోజులూ నాతో ముభావంగానే ఉన్నాడు.

నెల తిరిగాక ఫోన్ చేశాడు. ముందు బ్రేకు బిగించాడట. కారు టైరు తీసేశాడట. కోసిన ఫ్రేముతో రోడ్డెక్కనని వదినకు మాటిచ్చి, వేరే ఫ్రేము కోసం వెతుకుతున్నాడట. దానికి రవాణా శాఖ అనుమతి ముందు తీసుకోమన్నాను.

ఒంటి సీటు సంగతి వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు.