గాజుల లక్ష్మీనరసు శెట్టి

శాసనసభ్యుడన్నంతనే మన కన్నులయెదుట నిలుచునది ఎన్నిక. మా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీథులలో ఆ దినములు వచ్చినచో గోడలును, స్తంభములును, ఆటోల వెనుకభాగములును అభ్యర్థుల ముఖములతో నిండిపోవును. వోటు లేక ప్రతినిధి యుండునని మా బడి పిల్లలు ఊహింపజాలరు. మొన్న పదవ తరగతిలో పందొమ్మిదవ శతాబ్దపు చెన్నపట్టణమును గూర్చి చెప్పుచు, గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు మదరాసు శాసననిర్మాణ సభలో సభ్యులుగ నుండిరని మేము చెప్పగా, వెనుకబల్ల నుండి యొక బాలుడు "ఎన్ని ఓట్లతో గెలిచారు సార్?" అని యడిగెను. "ఒక్క ఓటూ లేదు నాయనా" అంటిమి. తరగతి యంతయు నవ్వెను. ఆ నవ్వు న్యాయమైనదే. కాని ఆ ప్రశ్నకు ఒక్క మాటతో సమాధానము చాలదని తోచి ఈ నాలుగు పుటలు వ్రాయ బూనితిమి.

ఆయన 1806లో చెన్నపట్టణమున నొక తెలుగు వర్తకుని యింట జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందును, వస్త్రములను అమ్మువాడు. బడిచదువు కొద్దికాలముననే ముగిసెను. తక్కిన చదువంతయు తండ్రి కొట్టులోనే. వ్యాపారమున ఆయన విశేషధనము గడించెను. ఆ ధనము ఎచ్చట చేరినదో తెలిసికొనుటయే ఆయన చరిత్రమును తెలిసికొనుట.

1844లో ఆయన "క్రెసెంటు" అను ఆంగ్లపత్రికను స్థాపించెను. ఆ మాటకు నెలవంక యని యర్థము. ఎడ్వర్డు హార్లీ యను ఆంగ్లేయుని సంపాదకునిగ నియమించి, హిందువుల స్థితిని బాగుచేయుటయే తమ పత్రిక యుద్దేశమని ప్రకటించెను. తెలుగు వర్తకుడు తెలుగున గాక ఇంగ్లీషున పత్రిక నడుపుట యేల యని కొందరడుగవచ్చును. సంస్కృతమును, ఇంగ్లీషును రెండును నేర్చి, రెండింటిని పిల్లలకు చెప్పి బ్రతుకుచున్న మాకు ఇందు వింత యేమియు కానరాదు. ఫిర్యాదును వినవలసినవాడు ఏ భాష చదువునో ఆ భాషలోనే వ్రాయవలెను గదా. ప్రభుత్వమువారు దీనిని గుర్తింపకపోలేదు: ఈ పత్రికయొక్క ప్రకటనను ఫోర్టు సెంటుజార్జి గెజెట్టులో వేయ నిరాకరించిరి.

ఇచ్చట మా చదువరులకు రుచింపని సంగతియొకటి చెప్పక తప్పదు. ఆయనకు మొదట పేరు తెచ్చినది మతరక్షణము. గవర్నరు ట్వీడేలు ప్రభువు కాలమున దొరతనపు పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగ చేర్చవలెనను ప్రయత్నము జరిగెను. 1846లో లక్ష్మీనరసు శెట్టి సభ కూర్చి, దానిని ఖండించుచు మహజరు పంపించెను. ఇంతవరకు మేము ఆయన పక్షముననే యుందుము. ప్రజల పన్నుతో నడుచు బడిలో ఒక మతగ్రంథమును విధిగ బోధించుట తగదు. కాని, మతము మారినవాడు పిత్రార్జితమున తన హక్కును కోలుపోరాదను శాసనమును గూడ ఆ పక్షమువారు అంతే తీవ్రముగ నెదిరించిరి. అది వారి యిష్టమునకు విరుద్ధముగ 1850లో అమలునకు వచ్చెను. నమ్మకము మారినంతమాత్రమున కుమారుడు కుమారుడు కాకపోవునా? ఈ విషయమున మేము ఆయనతో నేకీభవింపజాలము. బాలికల చదువును, వితంతువుల పునర్వివాహమును ఆదరించినవాడని ఆయనను సంస్కర్తల పటమున చేర్చి, ఈ రెండవ పార్శ్వమును మరుగుపరచు జీవితచరిత్రలు మాకు నచ్చవు. మనుష్యుడు రెండు విధములుగను ఉండెను.

1852లో ఆయన ప్రధానపురుషుడై మదరాసు నేటివు అసోసియేషను ఏర్పడెను. అది మొదట కలకత్తాలోని బ్రిటిషు ఇండియన్ అసోసియేషనుకు శాఖగ నుండి, అచిరకాలముననే వేరుపడెను. కంపెనీ ప్రభుత్వపు అధికారపత్రము 1853లో పునర్విచారణకు రావలసియుండుటచే, ఈ సంఘము పార్లమెంటునకు దీర్ఘమైన యర్జీని పంపెను. శిస్తుభారము, న్యాయస్థానములలోని జాగు, బాటలకును బడులకును ప్రభుత్వము వెచ్చించు సొమ్మెంత స్వల్పమో ఆ సంగతి, అన్నియు నందు కలవు. వాటితోపాటు, శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుచున్నారను అభియోగమును కలదు.

ఈ యభియోగమును లండనులో నమ్మువారు తక్కువ. 1853లో హెన్రీ డాన్బీ సీమోరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణము వచ్చెను. శెట్టి ఆయనను పట్టణమునకు పరిమితుని కానీయక కడలూరు, కుంభకోణము మొదలగు చోట్లకు తానే వెంటబెట్టుకొని పోయి రైతుల నోటనే వారి గోడు వినిపించెను. మా యుద్దేశమున ఆయన జీవితములో ఇంతకంటె గొప్పపని వేరొకటి లేదు. అర్జీని త్రోసిపుచ్చుట సులభము. కన్నులార చూచినదానిని త్రోసిపుచ్చుట అంత సులభము కాదు. 1854 జులైలో కామన్సు సభయందు ఈ విషయము చర్చకు వచ్చినపుడు సీమోరు తాను వినినదానిని చెప్పెను. ఆ సంవత్సరముననే ఎలియట్, స్టోక్సు, నార్టను అను మువ్వురితో విచారణసంఘమును నియమింపక దొరతనమువారికి తప్పలేదు. సుమారు 2,000 ఫిర్యాదులు ఆ సంఘమునకు చేరెను. నూర్లకొలది మైళ్ళ దూరమునుండి చెన్నపట్టణము చేరి స్వయముగ చెప్పుకొన్నవారును ఉండిరి.

1855లో వెలువడిన ఆ సంఘపు నివేదికలోని కొన్ని పుటలను మేము తరగతిలో తెలిగించి చెప్పితిమి. కిట్టి యనునది రెండు కర్రలను ఒక కొనయందు బంధించి చేసిన యొత్తుడు సాధనము; తెలుగు జిల్లాలలో దీనిని చిరత యనిరి. శిస్తు చెల్లింపని రైతు వ్రేళ్ళను దానినడుమ నుంచి, నిమ్మకాయను పిండినట్లు నొక్కుదురు. అనందాళు అనునది వేరొకటి: మనుష్యుని వంచి, మెడను కాలివ్రేళ్ళకు త్రాటితో కట్టి, ఎండలో నిలిపి, వీపుపై రాయి పెట్టుదురు. మేము చెప్పుచుండగా మొదటి వరుసలోని యొక బాలిక తన వ్రేళ్ళను మెల్లగ ముడిచి ఒడిలో దాచికొనెను. ఆనాడు మేమిక ముందుకు చదువలేదు.

నివేదిక తేల్చినదేమి? హింస జరుగుచున్నమాట నిజము. చేయువారు క్రిందితరగతి దేశీయోద్యోగులు. తెల్లదొరలకు ఇందు సమ్మతి లేదు. మొదటి రెండు మాటలును సాక్ష్యముపై నిలిచినవి. మూడవది మాత్రము అధికారులు తమకు తామే వ్రాసికొన్న యోగ్యతాపత్రము. శిస్తు తగ్గకుండ రావలెనని పైనుండి ఒత్తిడి చేయుచు, అది యెట్లు వచ్చినదో అడుగకుండుటయు నొకవిధమైన సమ్మతియే. 1857లో కార్లు మార్క్సు ఈ నివేదికను చదివి న్యూయార్కు పత్రికలో వ్రాసెను. ఏమైనను, ఊరూరను అందరెరిగియు నెవ్వరును వ్రాయని సంగతి ఈ నివేదికతో ప్రభుత్వపు ముద్రణాలయముననే అచ్చయ్యెను. దానికి కారకులలో అగ్రగణ్యుడు నీలిమందు వర్తకుడు.

ఆ కాలముననే, ఆ సామ్రాజ్యముననే, కెనడా ప్రాంతములోని నోవాస్కోషియా సీమయందు జోసెఫ్ హౌ అను పత్రికాసంపాదకుడుండెను. మన శెట్టికంటె రెండేండ్లు పెద్ద, 1804లో పుట్టినవాడు. 1835లో హాలిఫాక్సు పట్టణపు మేజిస్ట్రేటులు ప్రజాధనమును దిగమ్రింగుచున్నారను లేఖను తన పత్రికలో ప్రకటించినందుకు ప్రభుత్వము ఆయనపై నేరము మోపెను. వాదించుటకు న్యాయవాది దొరకక, ఆయనయే యారుగంటలకు పైగా మాటలాడి, జ్యూరీచే నిర్దోషి యనిపించుకొనెను. మరుసటి సంవత్సరము ఎన్నికలో గెలిచి శాసనసభకు పోయెను. 1848లో ఆ సీమకు ప్రజాసభకు బాధ్యత వహించు మంత్రివర్గము లభించెను. 1860లో ఆయన ప్రధానమంత్రియయ్యెను. ఆ వోటు అందరిదియని భ్రమపడరాదు. అచ్చటి స్త్రీలకు 1918 వరకు అది రాలేదు. అయినను, ఆయన వెనుక జ్యూరీయు వోటర్లును ఉండిరి. పత్రిక ఇద్దరికిని ఉండెను. శెట్టికి ఆ పత్రికయు, తన ధనపు సంచియు తప్ప వేరు బలము లేదు.

1861 నాటి శాసనముననుసరించి మదరాసునకు శాసననిర్మాణ సభ వచ్చెను. అందు కూర్చున్న మొదటి భారతీయుడు వి. సదగోపాచార్యులు. ఆయన మరణింపగా 1863లో గవర్నరు లక్ష్మీనరసు శెట్టిని నియమించెను. ఆ సభ యెట్టిదో చూడుడు. సభలో పెట్టిన బిల్లును గూర్చి తప్ప వేరొకదానిని గూర్చి మాటలాడరాదు. ప్రశ్న అడుగరాదు. ఆదాయవ్యయములు సభ ముందుకు రావు. ఈ రెండు స్వల్పాధికారములును 1892 వరకు లభింపలేదు. ఇరువదియేండ్లు ప్రశ్నలడిగినవానిని, ప్రశ్న అడుగ వీలులేని చోట కూర్చుండబెట్టిరి. గౌరవముగ చేసినదే కావచ్చును. పైగా నక్షత్రబిరుదమొకటియు నిచ్చిరి. సభ్యుడు కాకమునుపు ఆయన చేసినదానితో సరితూగునది సభ్యుడైన పిమ్మట ఏమియు మాకు కనబడదు. కావున మా పిల్లవాని ప్రశ్నను మేమిట్లు సవరింతుము: ఆయన ప్రతినిధియైనది 1863లో కాదు, కడలూరు బాటన రైతులముందు సీమోరును నిలిపిన 1853లో.

మా నగరము ఆనాడు నిజాము రాజ్యము. చెన్నపట్టణపు అర్జీలతో దానికి పొత్తు లేదు. వయోజనులందరి వోటుతో ఎన్నిక హైదరాబాదు రాష్ట్రమునకు 1952లోగాని రాలేదు. అందుచేతనే కాబోలు, లక్ష్మీనరసు శెట్టి పేరు ఇచ్చటివారికి అంతగా పరిచితము కాదు. చెన్నపట్టణము వేరు రాష్ట్రమైనపిమ్మట అచ్చటి తెలుగువాడు రెండువైపులను పరాయివాడైనాడేమో యని మా యనుమానము.

జోసెఫ్ హౌ 1873లో, ఒకప్పుడు తాను పోరాడిన పదవియగు లెఫ్టినెంటు గవర్నరుగిరిలో, హాలిఫాక్సు గవర్నరు భవనముననే కన్నుమూసెను. శెట్టి అంతకు అయిదేండ్లు ముందుగనే, 1868లో పోయెను. పత్రికకును, సంఘమునకును, అర్జీలకును వెచ్చింపగా తండ్రి కొట్టునుండి వచ్చినదియు, తాను గడించినదియు నప్పటికి చాలవరకు కరగిపోయియుండెను.