ఫైజీ ఎక్కించవా అబ్బాయా

2022 అక్టోబర్ 1న ఢిల్లీలో ప్రధాని 5జీ ప్రారంభించారు. మర్నాడు జంగారెడ్డిగూడెంలో నా సెల్‌ఫోన్ రిపేరు షాపు షట్టరెత్తేసరికి బాబాయ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాకు వరసకేం కాడు. బుట్టాయగూడెం రోడ్డులో ఒక పల్లె ఆయనది, పొగాకు కాల్చే బేరన్లు రెండున్న రైతు. ఆ ఏడు వేలంలో బేళ్ళు అమ్మిన డబ్బులోంచి పద్దెనిమిది వేలు పెట్టి, పెట్టె మీద 5జీ అని రాసున్న ఫోన్ కొనుక్కున్నాడు.

"ఫైజీ వచ్చేసిందంటగా అబ్బాయా, టీవీలో చూపించారు. నా దాంట్లో ఎక్కించు."

ఆ మాటలో ఆయన తప్పేం లేదు. ఒకప్పుడు ఇదే కౌంటర్ మీద మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించింది నేనే, కార్డుకి ఇరవై రూపాయలు. ఎయిర్‌టెల్ మొదలెట్టిన ఎనిమిది నగరాల్లో మనవైపు హైదరాబాద్ ఒక్కటే ఉందని చెప్పాను. "హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి జంగారెడ్డిగూడెంలో దిగుతాం గదా, దీనికెంతసేపు?" అన్నాడు.

మరుసటి ఏడాది 5జీ సిగ్నల్ మా ఊరొచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. అల్లుడి ఫోన్ బాబాయ్ ఫోన్ కంటే మూడు వేలు తక్కువది. సిమ్ కంపెనీ ఒకటే. ఇద్దరూ నా కౌంటర్ ముందే నిలబడి ఉంటే అల్లుడి ఫోన్‌లో 5జీ అని పడుతోంది, మామగారి దాంట్లో 4జీ. పల్లెటూళ్ళో ఇది చిన్న అవమానం కాదు.

నాది చేతిపని. చార్జింగ్ జాక్ ఊడితే టంకం పెడతాను, నీళ్ళలో పడితే బోర్డు విప్పి కడుగుతాను, సాఫ్ట్‌వేర్ పోతే కేబుల్ పెట్టి కొడతాను. కంపెనీవాడు ఇంకా పంపని సాఫ్ట్‌వేర్ని ఎక్కణ్ణుంచి తెచ్చి కొట్టను? అయినా ఆయన సంతోషం కోసం డయలర్‌లో *#*#4636#*#* కొట్టి లోపలి మెనూ తెరిచాను. 5జీ మాత్రమే అన్నదాన్ని ఎంచాను. పైనున్న సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి ఖాళీ అయిపోయాయి. పక్కన నిలబడి నా ఫోన్ నుంచి చేస్తే, స్విచ్ఛాఫ్ అని చెప్పింది. "ఉన్నది కూడా పోగొట్టావేంట్రా!" అని బాబాయ్ కంగారు. మళ్ళీ పాత సెట్టింగులో పెట్టాను.

సంగతేంటంటే, మన దేశంలో 5జీ రెండు రకాలుగా వేశారు. ఎయిర్‌టెల్ మొదట వేసింది పాత 4జీ గుంజకి ఆనించి కట్టిన పందిరి. జియో సొంత గుంజలు పాతుకుంది, దాన్నే స్టాండలోన్ అంటారు. ఫోన్ లోపల చిప్ రెండిటికీ పనికొచ్చేదే అయినా, ఫలానా నెట్‌వర్క్‌లో ఫలానా పద్ధతి తెరవమని ఫోన్ కంపెనీ పరీక్ష చేసి అప్‌డేట్ పంపితేగానీ తలుపు తెరుచుకోదు. అంతంత ఖరీదు పెట్టి ఐఫోన్ కొన్నవాళ్ళు కూడా 2022 డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 అప్‌డేట్ వచ్చేదాకా ఆగారు.

ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌కి చేశాను. "దశలవారీగా వస్తుందండి, మీ నెట్‌వర్క్‌వాళ్ళని కూడా అడగండి." నెట్‌వర్క్‌వాళ్ళకి చేశాను. "మా వైపు అంతా రెడీగా ఉందండి, మీ ఫోన్ కంపెనీని అడగండి." ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. స్పీకర్‌లో విన్న బాబాయ్ "దశలవారీగానా? అయితే లిస్టులో నా పేరుందో లేదో కనుక్కో" అన్నాడు. పింఛన్లూ ఇళ్ళస్థలాలూ చూసిన మనిషి, ఆయన లెక్క ఆయనది. నిజానికి కంపెనీలు ముందు కొద్ది ఫోన్లకి పంపి, ఏ తేడా రాలేదని తేలాక మిగతావాటికి వదులుతాయి. అందుకే ఒకే మోడల్ ఫోన్లు రెండు పక్కపక్కన పెట్టినా ఒకదానికి వస్తుంది, ఇంకోదానికి రాదు.

ఈ ఎదురుచూపు నాకు కొత్త కాదు. 2014లో ఆండ్రాయిడ్ వన్ అని గూగుల్ తెచ్చినప్పుడు, ఇక మధ్యలో ఎవరూ ఉండరు, అప్‌డేట్ నేరుగా గూగుల్ నుంచే వస్తుందని నేనే నోరారా చెప్పి అమ్మాను. వాటికీ ఎదురుచూపు తప్పలేదు. ఇప్పుడలాంటి మాటలు చెప్పి అమ్మను.

చివరికి వానాకాలంలో ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. మూడు జీబీ దగ్గర ఉంది. బాబాయ్ ప్యాక్ రోజుకి ఒకటిన్నర. నా వైఫై ఇచ్చి, చార్జర్ పెట్టి, కదిలించొద్దని చెప్పాను. ముప్పావుగంట సేపు తెర మీద చక్రం తిరుగుతుంటే ఆయన బేరన్‌లో వేడి చూసుకున్నట్టు వంగి వంగి చూశాడు. రెండు టీలయ్యాయి. ఫోన్ లేచింది. పైన 5జీ. అప్పటికప్పుడు అల్లుడికి వీడియో కాల్ చేసి ముఖం చూపించాడు. ఊరెళ్ళగానే మళ్ళీ 4జీ. 5జీ టవర్ అప్పటికింకా అక్కడికి రాలేదు. ఆ సంగతి నన్నెప్పుడూ అడగలేదు.

మొన్న మళ్ళీ వచ్చాడు. వాళ్ళూరి కుర్రాడి ఫోన్‌లో అప్‌డేట్ అయిన మర్నాడే తెర నిలువునా ఆకుపచ్చ గీత పడిందట. ఆ కుర్రాడు నా దగ్గరికే తెచ్చాడులెండి. డిస్‌ప్లే మారిస్తే ఫోన్ ధరలో సగం. అప్‌డేటే కారణమో, అంతకుముందే బలహీనపడ్డ డిస్‌ప్లేకి ఆ వేడి తోడైందో తెర విప్పినా తెలియలేదు. జనం మాత్రం తేల్చేశారు.

"అబ్బాయా, నాకు ఇంకే అప్‌డేటూ రాకుండా చెయ్యగలవా?"

దానంతటది డౌన్‌లోడ్ కాకుండా ఆపాను. సెట్టింగ్స్ బొమ్మ మీద ఎర్ర చుక్క అలాగే ఉంది.

"అదీ తీసెయ్యి."

"అది పోదు బాబాయ్."

కాసేపు దాన్నే చూసి, బొటనవేలితో రెండుసార్లు తుడిచి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.