ఎనిమిదిన్నర రూపాయల యఖీన్

2022 నవంబర్ 22. ఖతర్‌లోని లుసైల్ స్టేడియంలో అర్జెంటీనాకీ సౌదీ అరబ్‌కీ వరల్డ్ కప్ మ్యాచ్. మనకు మధ్యాహ్నం మూడున్నరకి. నేను మూడింటికే డెస్కులో కూర్చుని ‘అర్జెంటీనా శుభారంభం’ అని హెడ్డింగ్ రాసి పెట్టేశాను. స్కోరుకి మాత్రం జాగా వదిలాను. వరసగా 36 మ్యాచుల్లో ఓడని టీమ్ అది. పైగా మెస్సీ.

పదో నిమిషంలోనే మెస్సీ పెనాల్టీ గోల్ కొట్టాడు. హాఫ్ టైమ్ దాకా చూసి, ఇత్మినాన్‌గా అసర్ నమాజ్‌కి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి సౌదీ 2, అర్జెంటీనా 1! అల్ షెహ్రీ 48వ నిమిషంలో, అల్ దౌసరీ 53వ నిమిషంలో కొట్టారు. స్కోరు ఇక మారలేదు. దమ్మాంలో పనిచేసే మా తమ్ముడు ఫోన్ చేసి “భాయ్‌జాన్, గెలిచాం!” అని ఒకటే కేకలు. మర్నాడు అక్కడ బాద్షా సెలవు కూడా ఇచ్చాడు.

రాత్రి ఇంటికొస్తే, ఇంటర్ చదివే మా వాడు ఖానా ముట్టలేదు. వాళ్ళమ్మీ గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఫోన్లో ఏదో యాప్. అర్జెంటీనా గెలిస్తే ఒక్కో టికెట్‌కి పది రూపాయలు, లేకపోతే సున్నా. ఎనిమిదిన్నర చొప్పున రెండొందల టికెట్లు కొన్నాడు. ఈదీ డబ్బు 1700 పోయింది.

“అంతమంది ఎనిమిదిన్నర పెట్టారంటే, అందరికీ తెలిసే కదా అబ్బూ?”

“తెలిసి కాదు బేటా, అందాజా. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు బేరమాడుకుంటే తేలిన ఖీమత్ అది. టీమ్ లిస్టు వస్తే మారుతుంది, గోల్ పడితే మారుతుంది. పదికి ఎనిమిదిన్నర అంటే వందలో 85 సార్లు గెలుస్తారని. మిగతా పదిహేను కూడా ఆ ధరలోనే ఉన్నాయి. నువ్వు చదవలేదు.”

గ్రేస్‌నోట్ అనే గణాంకాల సంస్థ సౌదీ గెలుపుకి 8.7 శాతం అవకాశం కట్టింది. అది తక్కువే, సున్నా కాదు. ఒక్క మ్యాచ్ చూసి లెక్క తప్పనలేం. అలాంటి మ్యాచులు వందలు చూస్తేనే లెక్క ఖరా ఏదో, ఖోటా ఏదో తెలిసేది. గైబ్ ఇల్మ్ అల్లాహ్‌కే.

“అది జూదం కాదు అబ్బూ, ఒపీనియన్ అని రాసుంది.”

“నీ 1700 ఎవరి జేబులోకి పోయాయి? నువ్వు గెలిస్తే ఆ మూడొందలు ఎవరి జేబులోంచి వచ్చేవి? పేరు మారిస్తే చీజ్ మారదు.” సూరె మాయిదా తొంభయ్యో ఆయత్ వాడికి కంఠస్థమే. తల దించుకున్నాడు.

ఇంకా తిడదామనుకున్నాను. మధ్యాహ్నం రాసి చెరిపేసిన హెడ్డింగ్ గుర్తొచ్చింది. నేను పైసా పెట్టలేదు, నిజమే. కానీ ఎనిమిదిన్నరని పదిగా చదివింది నేను కూడా. ఆ సంగతి వాడికి చెప్పాను. మొదటిసారి నవ్వాడు. తర్వాత ఇద్దరం కలిసి తిన్నాం.

డిసెంబర్ 18న అదే అర్జెంటీనా కప్పు గెలిచింది. టీవీ ముందు పక్కనే కూర్చున్న మా వాడు నెమ్మదిగా అన్నాడు:

“ఈసారి ధర ఎంతుందో చూడలేదు అబ్బూ. మ్యాచే చూశాను.”