ఉచితపాఠములు - వాని మంచిచెడ్డలు

ఊరక వచ్చిన యావునకు పండ్లెంచరాదని మనలో నొక సామెత కలదు. ఆ యావుపాలు పెద్దలమగు మనమే త్రాగుదుమేని యట్లే కానిండు. పసిబిడ్డ త్రాగవలసినప్పుడు మాత్రము పండ్లేకాదు, పొదుగునుగూడ పరీక్షింపక తప్పదు. నేడు పిల్లలకు భాష నేర్పుటకై యుచితముగా లభించు పాఠములనుగూర్చి నా యభిప్రాయ మిదియే.

ఇట్టివానికి స్వేచ్ఛావిద్యావనరులని పేరు. 2002వ సంవత్సరమున యునెస్కోవారు పారిస్ నగరమున కూర్చిన సభలో ఈ పేరు పుట్టినది. 2019లో ఆ సంస్థయే వీనిని ప్రోత్సహింపుడని సభ్యదేశములకు సిఫారసు చేసినది. రుసుము లేకుండ చదువుకొనుటయేగాక, పంచుకొనుటకును, అవసరమునుబట్టి మార్చుకొనుటకును అనుమతి గల పాఠములని దీని తాత్పర్యము. మన తెలుగునకును ఈ భాగ్యము లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్ నందు బొమ్మలకథలు, చదువరుల శక్తినిబట్టి నాలుగు మెట్లుగా అమర్చబడియున్నవి. 2017లో ఆరంభమైన దీక్షయందు బడిపుస్తకములున్నవి. తెలుగు వికీసోర్సునందు పాతగ్రంథము లున్నవి. ఇవిగాక, కర్త యెవరో తెలియని అక్షరమాల పటములును, అభ్యాసపత్రములును సెల్‌ఫోనులలో చేతులు మారుచు దినదినము వచ్చుచునేయున్నవి.

మావారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. సాయంకాలమున పదిమంది పిల్లలు మా యరుగుమీదికి వత్తురు. మా తాతగారు నాకు ఇంటనే నేర్పిన అమరమును, బాలవ్యాకరణమును ఆధారముగా జేసికొని, మావారు తెచ్చు కాగితములను ముందుగా నేను చదివి, తగినవానినే పిల్లల చేతికిత్తును.

మొదట చూడవలసినది వర్ణశుద్ధి. ఒకనాడొక బాలిక 'అర్థము' అని వ్రాయవలసినచోట 'అర్ధము' అని వ్రాసినది. మొదటిది భావము, రెండవది సగము గదా యని నేను దిద్దబోగా, అచ్చులో నట్లే యున్నదని తన కాగితము చూపినది. చూడగా నిజమే. ఆ పత్రముననే విద్యార్థి 'విధ్యార్థి'యైనాడు, బాధ 'భాద'యైనది. ఆ పిల్ల యింట అక్షరము వచ్చినవారు మఱి లేరు. నా మనస్సు కలతపడినది అందుచేతనే. చదువుకొన్నవారి బిడ్డ నేర్చిన తప్పును తల్లియో తండ్రియో పూటలో దిద్దుదురు. ఈ బిడ్డకు అచ్చుకాగితమే గురువు. ఉచితపాఠము ఎవరికి మిక్కిలి యవసరమో, వారికే దాని తప్పు పట్టుకొను సాధనము తక్కువ. కావున ఉచితవస్తువునకు పరీక్ష సడలింపదగదు, బిగింపదగును.

రెండవది ఉచ్చారణము. వినిపించు పాఠములు నేడు పెక్కులు. వానిని పరీక్షించుటకు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమే మంచి గీటురాయి. తెలుగుమాటలలో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యములు. తక్కిన యచ్చులతో కూడినవి దంత్యములు. చిలుక, చేప, జీలకఱ్ఱ యనునపుడు నాలుక యొకచోట తగులును. చుక్క, చాప, జల్లెడ యనునపుడు మఱియొకచోట. నేను విన్న యొక యంత్రస్వరము అన్నిటిని ఒకేవిధముగా పలికినది. చంద్రుడు, జలము వంటి తత్సమములలో మాత్రము తాలవ్యమే సరియని మఱువరాదు. ఇట్లే 'పలు'కును 'పాలు'కును భేదము చెవికి స్పష్టముగా తెలియవలయును. ఇంగ్లీషుబడిలో చదువు పిల్లలకును, పరదేశముల పెరుగు మనవారి పిల్లలకును ఈ వినికిడియే ప్రధానాధారము.

మూడవది వాక్యము. అక్షరదోషము కంటికి కనబడును. వాక్యదోషము మెల్లగా మనసులో నాటుకొనును. ఇంగ్లీషునుండి మక్కికి మక్కిగా దింపిన కథలో 'నేను ఆకలిగా ఉన్నాను' అని యుండును. మన బిడ్డ 'నాకు ఆకలిగా ఉన్నది' యనును. 'నేను ఇద్దఱు అన్నలను కలిగియున్నాను' అని ఏ చెల్లెలైన చెప్పునా? 'నాకిద్దఱన్నలు' అన్న మూడుమాటలలో పని తీరును. నా పద్ధతి యేమన, కథను బిగ్గఱగా చదివి, మా అత్తగారికి వినిపింతును. ఆమె 'ఇదెక్కడి తెలుగమ్మా?' యనినచో ఆ కాగితము ప్రక్కకు పోవును.

ఇక పదములు బిడ్డ యెఱిగినవేనా యనునది చూడవలయును. ఒకే కాయను కొందఱు సొరకాయ యందురు, కొందఱు ఆనపకాయ యందురు. బొమ్మ క్రింద ఒకటే వ్రాసి, రెండవది తప్పన్నట్లు నేర్పు పాఠము, బిడ్డకు తన యింటిమాటయందే సిగ్గు కలిగించును. తన మాటను మొదట చెప్పించి, పొరుగువారి మాటను పిదప చేర్పవలయును.

ఉచితమైనదెల్ల స్వేచ్ఛ గలది కాదనియు గుర్తింపవలయును. మనదేశమున గ్రంథకర్త గతించిన పిమ్మట 60 ఏండ్లవఱకు హక్కు నిలుచును. ఎవరో దొంగతనముగా ఎక్కించిన పుస్తకము ఊరక దొరకినను అది ధర్మము కాదు. క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రములలో సయితము కొన్ని మార్పును నిషేధించును. కొన్ని కర్తపేరు చెప్పి మార్చుకొనుడనును. ఆ పంక్తిని చదువుట మనకు అత్యవసరము, ఏలయన తప్పు దిద్దు నధికారము దానియందే యున్నది.

ఈ యధికారమే వీని యసలు మేలని నా తలంపు. కొన్న పుస్తకములో తప్పున్నచో మఱుముద్రణమువఱకు ఓపిక పట్టవలసినదే. స్వేచ్ఛాపాఠములో తప్పున్నచో అనుమతినిబట్టి మనమే దిద్ది, దిద్దినదానిని పదుగురికి పంచవచ్చును. వికీసోర్సునందు పాతపుట ఛాయాచిత్రము ప్రక్కనే అక్షరపాఠ ముండును. యంత్రము ధకారమును థకారముగా చదివినచో మన కన్ను పట్టుకొనును. దిద్దని పుట ఎఱుపు. ఒకరు దిద్దినది పసుపు. మఱియొకరు సరిచూచినది ఆకుపచ్చ. నాణ్యమును రంగుతో తెలుపు ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. పూర్వము బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి తాళపత్రప్రతులను సరిపోల్పించి శుద్ధపాఠములు సిద్ధపఱపించెను. ఆ పని నేడు వంట ముగించిన పిదప అరగంట తీఱిక గల యే గృహిణియైనను చేయగలదు.

సోదరీమణులారా! పిల్లల చేతికిచ్చుటకు ముందు ప్రతిపాఠమును ఒకసారి కంటితో చదువుడు, ఒకసారి బిగ్గఱగా చదువుడు, క్రింద నున్న యనుమతిని చూడుడు. తప్పు కనబడినచో విసుగుకొని పాఱవేయక, దిద్ది పంపుడు. మీ పేరెవరికిని తెలియకపోవచ్చును. దూరపుపల్లెలో ఇంట దిద్దువారులేని యొక బిడ్డ 'అర్థము'ను సరిగా వ్రాయును.